చదవకుండా దాటిన ఫారం

పంపిన సరుకు తిరిగి గుమ్మమెక్కడం ఏ పనివాడికైనా అవమానమే. బైండింగు షాపులో ఆ అవమానం కట్టలు కట్టలుగా వస్తుంది. నిన్నటి నుంచి అది మడత గదిలో గోడ పొడవునా కూర్చుని ఉంది.

ఒక్కో పుస్తకంలో ఒక్కో లోపమైతే చేతుల పొరపాటు అనుకోవచ్చు. తిరిగొచ్చిన నవల ప్రతులన్నిటిలోనూ ఒకే ఫారం లేదు. పెద్ద కాగితం ఒకటి మడిస్తే పదహారు పేజీలయ్యే ముక్కను ఇక్కడ ఫారం అంటారు. ఎనిమిదో ఫారం పక్కన పదోది కుట్టి ఉంది. తొమ్మిదోది ఏ ప్రతిలోనూ లేదు.

"ఒకటి రెండిట్లో పోతే నిద్రమత్తు అనుకుంటాను. అన్నిట్లోనూ పోయిందంటే ఎవరో మెలకువగా చేసిన పని" అన్నాడు నిన్న యజమాని. "రేపు షాపు మూసేలోపు ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలియాలి. తెలిస్తే ఆ ఒక్కరే వెళతారు. తెలియకపోతే ఈ గదే ఉండదు. మడత మిషను తెప్పిస్తాను. దానికి చెవులుండవు, కథలు చదివి పెట్టక్కర్లేదు."

చివరి మాట ఆయన పనివాళ్ళతో అనలేదు. తలుపు దగ్గర నిలబడ్డ చెల్లెలి వైపు చూసి అన్నాడు.

ఆ చెల్లెల్నే గదిలో అందరూ చదువమ్మ అంటారు. నిన్న అన్న వెళ్ళిపోయాక ఆమె ఒక ప్రతి తీసి ఎనిమిదో ఫారం చివరి వాక్యం చూసింది. పదో ఫారం మొదటి వాక్యం చూసింది. ఆ రెంటి నడుమ ఏముండాలో ఈ షాపులో తనకొక్కదానికే తెలుసుననుకుంది. ఎందుకంటే, ఇదే నవలను ఈ గదికి చదివి వినిపించిన రోజుల్లో ఆ పదహారు పేజీలనూ తెలిసి తెలిసి దాటేసింది తనే.

అది ఎవరికీ చెప్పలేదు. రాత్రి తెల్లవార్లూ దిండుకి కూడా చెప్పలేదు.

*

పాఠాలు చెప్పుకునే బడి మూతపడ్డాక ఆమె అన్న షాపులో కుదురుకుంది. బైండయిన మొదటి ప్రతిని పేజీ వెంట పేజీ సరిచూడటం ఆమె పని. అందులో అన్నీ సరిగ్గా ఉంటేనే మిగతా ప్రతులు కుడతారు. వచ్చిన కొత్తలో ఆమెను కలతపెట్టిన సంగతి ఒకటే. ఈ గదిలో ఆడవాళ్ళు ఊహ తెలిసినప్పటి నుంచి పుస్తకాలు మడుస్తున్నారు. ఒక్కటీ తెరిచినవాళ్ళు లేరు. వంటమనిషి ఆకలితో పడుకోవడం లాంటిది అది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కటింగు మిషను కాసేపు ఆపుతారు. ఆ నిశ్శబ్దంలో చదవడం మొదలుపెట్టింది. ఒక్కటే నియమం పెట్టుకుంది: చేతిలో ఏ పుస్తకముంటే చెవిలోనూ ఆ పుస్తకమే ఉండాలి. మొదట్లో నవ్వారు. తర్వాత ఊరుకున్నారు. ఆ తర్వాత ఒకరోజు, "అయితే వాడు తిరిగొస్తాడా రాడా?" అని ఎవరో అడిగారు. అడిగిన మనిషి మొహం తిప్పుకుని, అడగనట్టే కాగితం మడుచుకుంది. ఆ ప్రశ్నతోనే అలవాటు పుట్టిందని చదువమ్మ అప్పుడు గ్రహించింది. అక్కణ్ణుంచి సరిగ్గా వాడు తిరిగొస్తాడా రాడా అన్న చోటే ఆపడం నేర్చుకుంది. చెడిపోయిన ప్రతులు ఒక్కొక్కటే చెత్తబుట్టలోంచి మాయమై భోజనం సంచుల్లోకి చేరుతుంటే, ఆమె చూసీ చూడనట్టు ఊరుకునేది. లోలోపల పొంగిపోయేది.

ఆ పొంగులో గర్వం ఎంతో, ప్రేమ ఎంతో ఆమె ఎప్పుడూ తూచి చూసుకోలేదు.

ఇవాళ భోజనాలయ్యాయి. కటింగు మిషను ఆగింది. ఎవరూ చదవమని అడగలేదు. పైకప్పు అద్దంలోంచి పడే వెలుగు జిగురు గిన్నెల మీద మీగడలా పేరుకుంది. మడత పుల్లలు కాగితాల మీద గీసుకునే చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారట" అంది గలగల. జిగురు రాసే ఆ మనిషికి ఆ పేరు ఊరికే రాలేదు. "మన భుజాలన్నిటికీ జిగురే. ఎవరు తడుముకున్నా చెయ్యి అక్కడే అంటుకుపోతుంది. ఇక దొంగని పట్టడం ఎంతసేపు."

"నోరు కాస్త ఆరబెట్టుకోవే" అంది పక్కనున్నామె.

"ఆరితే అట్టలా బిగుసుకుంటుంది అక్కా. అప్పుడు నా నోటికి బైండింగు చెయ్యాలి."

ఎవరూ నవ్వలేదు. గలగల కూడా, అలవాటుకొద్దీ అన్నదే తప్ప, నవ్వలేదు.

కిటికీ దగ్గర కుట్టుపిన్ని తల ఎత్తలేదు. గదిలో ఫారాలన్నిటినీ వరసగా పేర్చి కుట్టేది ఆమె. అందరికీ పిన్నే. ఆమెకు ఒక్కతే కూతురు. ఆసుపత్రిలో చేర్చిన పిల్ల ఇంటికి రాలేదు. కర్మకాండలయ్యాక పిన్ని ఒకరోజు పొద్దున్నే వచ్చి తన పీట మీద కూర్చుని సూదికి దారం ఎక్కించింది. ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ వారంలోనే ఈ నవల బైండింగుకి వచ్చింది.

నవలలో ఒక పడవవాడు ఉంటాడు. తల్లి లేని కూతురు ఉంటుంది. ఆ పిల్లకి జబ్బు చేస్తుంది. తొమ్మిదో ఫారంలో ఒక రాత్రంతా తండ్రి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంటాడు. తెల్లవారేసరికి పిల్ల ఉండదు.

ఆ రోజు చదువమ్మ ఆ పేజీ తిప్పి, కిటికీ వైపు చూసింది. పిన్ని సూది గాలిలో ఆగి ఉంది. ఒక్క ఊపిరి తీసుకుని వదిలేంత వ్యవధిలో చదువమ్మ ఆ పాపను పడవ ఎక్కించింది. "జబ్బు నెమ్మదించింది. మేనత్త వచ్చి పాపను తనతో తీసుకెళ్ళింది. పడవ మలుపు తిరిగేదాకా తండ్రి ఒడ్డునే నిలబడ్డాడు" అని చదివింది, పేజీలో లేనిది పేజీలో ఉన్నట్టే. సూది మళ్ళీ కదిలింది. ఆమె మాటను గది మొత్తం నమ్మింది. అబద్ధం ఆడటానికి పెద్ద సామర్థ్యమేదో కావాలనుకునేది అంతకు ముందు. ఏమీ అక్కర్లేదు. చేతిలో పుస్తకం ఉంటే చాలు.

అబద్ధానికి ఒక పూట అన్నం పెడితే రోజూ పెట్టాలి. ఆ తర్వాతి ఫారాల్లో తండ్రి ఏడిస్తే, ఆమె దాన్ని ఎడబాటుగా మార్చింది. సమాధి దగ్గరికి నడిస్తే రేవు దగ్గరికి నడిపించింది. పుస్తకం అయిపోయింది. అందరూ నిట్టూర్చారు. పిన్ని మాత్రం, "బాగుంది" అంది. ఆ ఒక్క మాట చాలుననుకుంది చదువమ్మ.

ఇప్పుడు ఆ ఫారమే లేదు. తీసింది పిన్నేనని చదువమ్మకు దాదాపు నమ్మకం కుదిరింది. కుట్టే చేతికి తెలియకుండా ఫారం పోదు. ఎలాగో తెలుసుకుని ఉంటుంది. ఎలాగో చూసి ఉంటుంది. చూసి భరించలేక తీసేసి ఉంటుంది. ఆ మనిషిని అన్న ముందు దోషిగా ఎలా నిలబెట్టడం?

దగ్గరికి వెళ్ళింది. అడగాల్సింది గొంతులోనే ఉండిపోయి, "దారం సరిపోతుందా పిన్నీ?" అని బయటికొచ్చింది.

"సరిపోకపోతే అడుగుతానుగా" అంది పిన్ని, ముడి బిగిస్తూ.

*

"అమ్మా, కాగితాల గదిలో చిన్న పనుంది. ఒకసారి వస్తావా?"

పిలిచింది నిదానం. మడత బల్ల దగ్గర పెద్ద చెయ్యి ఆమెదే. పుల్లతో ఒకసారి మడత ఒత్తి, వేలితో మళ్ళీ తడిమి చూసుకునేదాకా కాగితం వదలదు. ఆ పేరు వెక్కిరింతగా మొదలై గౌరవంగా స్థిరపడింది. ఈ గదిలో తనంతట తాను ఒక పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివిన మొదటి మనిషి నిదానమే. చదువమ్మ తన జీవితంలో ఏదైనా సాధించానని అనుకున్న రోజుల్లో కళ్ళ ముందు మెదిలేది ఆమె మొహమే.

కాగితాల గదిలో వెలుగు తక్కువ. రీములు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. తలుపు చేరవేసి, నిదానం నోరు తెరిచేలోపే చదువమ్మ అందుకుంది.

"నాకు తెలుసు. పిన్నే తీసింది. నువ్వు చూశావు, చెప్పలేక నలుగుతున్నావు. నువ్వు నోరు మెదపకు. అన్నయ్యతో నేను ఏదో ఒకటి చెప్తాను."

నిదానం తల అడ్డంగా ఊపింది.

"పిన్నిని ఎందుకమ్మా మధ్యలోకి లాగుతావు? తీసింది నేను."

చదువమ్మ రీములకు ఆనుకుంది.

"నేనే చెప్దామని నిన్న రెండుసార్లు నీ దాకా వచ్చి తిరిగిపోయా. తప్పు చేశానని కాదు. తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలియక. అది చెడ్డ ఫారం కదమ్మా?"

"చెడ్డ ఫారమంటే?"

"పోయినేడు ఆ వైద్యం పుస్తకానికి జరిగిందే. రాసినాయన ఒక ఫారం మార్చాడు, పాతది కూడా కట్టలో కలిసి వచ్చింది. నువ్వే వచ్చి, ఇది పాతది, తీసెయ్యండి అన్నావు. తీసేశాం. ఇదీ అంతే అనుకున్నా." నిదానం చేతులు చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంది, వాటికేమీ అంటకపోయినా. "మడిచేటప్పుడు కూడా కళ్ళు పెట్టమన్నావుగా. పెట్టా. అందులో పాప చచ్చిపోయింది. నువ్వు చదివినప్పుడు పాప మేనత్త వాళ్ళింటికి వెళ్ళింది. పడవ మలుపు తిరిగింది. నీ గొంతు ఇంకా నా చెవిలో ఉంది. కాగితం తప్పు చెప్తుంది గానీ నువ్వెందుకు చెప్తావు?"

బయట ఎక్కడో ఎవరో జిగురు గిన్నె నేల మీద పెట్టిన చప్పుడు.

"పేజీల అంకెలు చూడలేదా?" అని అడిగింది చదువమ్మ. తన ప్రశ్న తనకే చిన్నదిగా వినిపించింది.

"చూశా. మధ్యలో ఎగిరిపోయాయి. కొత్త ఫారం వస్తుందేమోనని ఎదురు చూశా. రాలేదు. అది లేకుండా ఎనిమిది పక్కన పది పెట్టి చదివి చూశా. అతికిపోయింది. అంకెలే కదమ్మా తప్పాయి, కథ తప్పలేదు."

"నన్నొక మాట అడగాల్సింది."

"అడగడానికే వచ్చా. పిన్ని నీ పక్కనే కూర్చుని ఉంది. ఆమె ముందు ఆ మాట ఎలా ఎత్తను?" నిదానం ఏదీ తొందరగా చెప్పదు. "ఇంకొకటి కూడా ఉంది. అడిగితే, ఆ ఫారమే సరైనదంటావేమోనని లోపల ఎక్కడో భయం వేసింది. అందుకే అడగలేదేమో. ఇది నాకే సరిగ్గా తెలియదు."

తెలిసిందానికీ, తెలుసుకోవడం ఇష్టంలేక తెలియనిదానికీ మధ్య కాగితం మందం కూడా ఉండదు. చదువమ్మకు అది తన విషయంలో ఎన్నడూ తట్టలేదు. ఈమెను చూస్తుంటే తట్టింది.

"ఆ ఫారాలు ఏం చేశావు?"

"పారెయ్యలేదు. ఎప్పుడూ చెత్త కాగితమే కదా అట్టకి లోపల అంటిస్తాం, గట్టిదనానికి. వాటిల్లోకే వాడా. ఏ పుస్తకంలోది ఆ పుస్తకంలోనే ఉంది. అట్ట లోపల."

గోడ పొడవునా ఉన్న కట్టలు చదువమ్మ కళ్ళ ముందు మెదిలాయి. ప్రతి ప్రతిలోనూ, పైన అందమైన కాగితం కప్పుకుని, జిగురులో బిగుసుకుని, ఆ రాత్రీ ఆ తండ్రీ ఆ పాప చెయ్యీ. తీసేశామనుకున్నది పుస్తకాన్ని నిటారుగా నిలబెడుతోంది.

"అమ్మా" అంది నిదానం. "అయితే ఏది అసలుది?"

ఎన్నో ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడి పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పిన మనిషి. ఇంత చిన్న ప్రశ్నకు ఇంత కష్టపడింది ఎప్పుడూ లేదు.

"నువ్వు అట్టలో పెట్టిందే."

నిదానం కోప్పడలేదు. ఏడవలేదు. తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది, అవి వేరెవరివో అయినట్టు.

"నువ్వు చదివినంతసేపూ వినేదాన్ని. తర్వాత చెడిపోయిన ప్రతి ఇంటికి పట్టుకెళ్ళి నా అంతట నేను చదివేదాన్ని. ఎక్కడైనా అర్థం కాకపోతే నీ గొంతు గుర్తు తెచ్చుకుని సరిచూసుకునేదాన్ని. అలాగే నాకు చదువొచ్చింది." ఆమె తలుపు వైపు తిరిగింది. "ఇప్పుడు దేంతో సరిచూసుకోను?"

*

వాళ్ళు మడత గదిలోకి వచ్చేసరికి యజమాని బల్ల పక్కన నిలబడి ఉన్నాడు. చెడ్డవాడు కాదు. తండ్రి నుంచి వచ్చిన షాపును పరువుగా నిలబెట్టుకోవాలన్న తాపత్రయం తప్ప వేరే లోకం తెలియనివాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడంటే మనసులో నిర్ణయం అయిపోయినట్టే.

"చెప్పు చెల్లీ. ఎవరు?"

"నేను, అన్నయ్యా."

గలగల చేతిలో కుంచె ఆగిపోయింది. ఆయన మాత్రం ఆశ్చర్యపోలేదు.

"నీకు ఫారం మడవడం కూడా రాదు. ఎవర్ని వెనకేసుకొస్తున్నావు?"

"చెయ్యి నాది కాకపోవచ్చు. చేయించింది నా నోరు."

"నాకు పొడుపు కథలు అర్థం కావు. అరటిపండు ఒలిచినట్టు చెప్పు."

చెప్పడమంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. పాప ఏమైందో చెప్పాలి. ఎందుకు దాచిందో చెప్పాలి. ఎవరి కోసమో చెప్పాలి. ఆ మనిషి కిటికీ దగ్గర కూర్చుని వింటోంది.

"నేను చదివి వినిపించినప్పుడు ఒకచోట..." అని మొదలుపెట్టింది. "ఒకచోట పుస్తకంలో ఉన్నది చదవలేదు. వేరేది కల్పించి చెప్పాను. అచ్చులో ఉన్నది చూసినవాళ్ళు అదే తప్పనుకున్నారు. తప్పు ఫారం తియ్యడం ఇక్కడ పని. పని చేశారు."

"ఎందుకు కల్పించావు?"

చదువమ్మ తన చూపు కిటికీ వైపు పోకుండా ఆపుకోలేకపోయింది. గదిలో అందరి చూపులూ దాని వెంటే వెళ్ళాయి. యజమానికీ అర్థమైంది. ఆయన గొంతు తగ్గింది గానీ మాట మెత్తబడలేదు.

"ఆడవాళ్ళకి చదివే అలవాటు చేస్తానన్నావు. సరే అన్నాను. ఎవరేమన్నా నీ వైపే మాట్లాడాను. ఇప్పుడు తేలిందేమిటి? వీళ్ళకి నువ్వు నేర్పింది పుస్తకాన్ని నమ్మడం కాదు, నిన్ను నమ్మడం. కళ్ళ ముందు అక్షరం ఒకటి చెప్తుంటే, నీ మాట కోసం అక్షరాన్నే పీకి పారేశారు."

ఇంతకాలం తనను తాను ప్రశ్నించుకుంటున్నానని అనుకునేది చదువమ్మ. ఆ ప్రశ్న మాత్రం తనకు కాక, లెక్క తప్ప మరొకటి చదవని ఈ మనిషికి తోచింది.

"సరే, నోరు నీది" అన్నాడు ఆయన. "నిన్ను పంపలేను, ఇంటి మనిషివి. చెయ్యి ఎవరిది?"

"నాదయ్యా" అంది నిదానం. "సంచి సర్దుకుని వెళతాను. గది జోలికి మాత్రం రాకండి."

"నువ్వా?" ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "ఈ గదిలో ఎవరి పేరు విన్నా నమ్మేవాణ్ణి, నీది తప్ప."

"అదేం ఖర్మో అయ్యా, ఈ వ్యవహారంలో నమ్మకం ఎక్కువైనవాళ్ళకే దెబ్బ తగులుతోంది" అంది గలగల. అన్నాక కుంచెను గిన్నెలో ముంచి, ఇంక తల ఎత్తలేదు.

అప్పుడు కిటికీ దగ్గర పీట కదిలిన చప్పుడైంది.

కుట్టుపిన్ని లేచి, గోడ పక్కనున్న కట్టల దగ్గరికి నడిచింది. పై కట్ట పురికొస తెంచి ఒక ప్రతి తీసుకుంది. దాన్ని బల్ల మీద పెట్టి, గలగల దగ్గరున్న తడిగుడ్డ అందుకుని, అట్ట లోపలి వైపు పరిచింది.

"ఎనిమిది పక్కన పది కుట్టాను" అంది, ఎవరి వైపూ చూడకుండా. "సూది పట్టుకున్నదానికి తెలియదా మధ్యలో ఒకటి లేదని? తెలుసు. నిదానం పెట్టలేదంటే నా కోసమే పెట్టలేదనుకున్నా. తీసేసిన కాగితం ఎప్పుడూ అట్టలోకే పోతుందనీ తెలుసు. ఊరుకున్నా."

"పిన్నీ..." అంది చదువమ్మ.

"నా బిడ్డ పోయిన దగ్గర్నుంచి నేను గదిలోకి రాగానే అందరూ మాట మడిచేస్తున్నారు. దాని పేరు ఎవరూ ఎత్తరు. ఆసుపత్రి మాట ఎత్తరు. మా ఇంట్లోనూ అంతే. ఎక్కడికి వెళ్ళినా అక్కడ నా చుట్టూ మెత్తగా ఏదో కప్పుతారు. మంచికే, నాకు తెలుసు. కానీ అసలు అలాంటిదొకటి జరిగిందా, నేనే కలగన్నానా అని ఒక్కోసారి భయమేస్తుందమ్మా." గుడ్డ తీసి, గోరుతో అంచు లేపి చూసింది. ఇంకా నానలేదు. మళ్ళీ పరిచింది. "నువ్వు చదువుతుంటే ఒకచోట నీ గొంతు మారింది. పడవ అన్నచోట. అంతకు ముందు గొంతు వేరు. అప్పటికి నాకు అక్షరం రాదు గానీ చెవులున్నాయి."

"అప్పుడే ఎందుకు అడగలేదు?"

"అడిగితే ఇంకోటి చెప్పేదానివి."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదనిపించింది చదువమ్మకు.

"అందుకని నేర్చుకున్నా" అంది పిన్ని. "భోజనాల వేళ నిదానం దగ్గర కూర్చుని ఒక్కో అక్షరం. దీనికి కూడా చెప్పలేదు ఎందుకో. కథ మీద మోజు పుట్టిందనుకుంది పాపం. నువ్వు ఏం దాచావో నా కళ్ళతో చూసుకోవాలి, అంతే. అప్పటికి పుస్తకం అట్టలేసుకుని వెళ్ళిపోయింది. తిరిగి రాదనుకున్నా. వచ్చింది."

గోడ పక్కనున్న కట్టలను చూసి ఈ షాపులో ఒక మనిషి సంతోషపడి ఉంటుందని ఎవరనుకుంటారు.

ఆమె యజమాని వైపు తిరిగింది. "అయ్యా, ఇవన్నీ విప్పి మళ్ళీ కుట్టాల్సింది నేనేగా. ముందు ఇందులో ఏముందో నన్ను చూసుకోనివ్వండి. నిదానాన్ని పంపించడం, గదిని మూయడం ఆ తర్వాత చూసుకోండి."

ఆయన చేతులు వెనక నుంచి ముందుకు వచ్చాయి. వాటిని ఏం చెయ్యాలో తెలియనట్టు బల్ల అంచు పట్టుకున్నాడు. "చూసుకో" అన్నాడు. తర్వాత, చెల్లెలికి మాత్రమే వినిపించేలా, "ఆమె చదివాక, ఈ గదిలో ఇంకా నీ మాట వినేవాళ్ళు ఉంటే, మిషను సంగతి అప్పుడు ఆలోచిస్తాను. అంతదాకా నిదానం సంచి సర్దుకునే ఉంచుకోమను" అన్నాడు.

అట్ట లోపలి కాగితం మెల్లగా ఊడింది. దాని కింద జిగురుతో పసుపెక్కిన పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. కాగితాన్ని ఎలా బతికించాలో పిన్ని వేళ్ళకు తెలుసు. ఒక్కో పొరా విడదీసి బల్ల మీద పరిచింది. చివరికి కావలసిన పేజీ దొరికింది.

చదువమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "పిన్నీ, నేను చదువుతాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు..."

"వద్దమ్మా. ఇన్నాళ్ళూ నువ్వే చదివావు. ఈ ఒక్క పేజీ నాకు వదిలెయ్."

వేలు మొదటి అక్షరం కింద పెట్టింది. సూది గుచ్చుకుని గుచ్చుకుని బండబారిన వేలు.

"రా...త్రం...తా" అంది. ఊపిరి తీసుకుంది. "రాత్రంతా. తం...డ్రి. తండ్రి. పా...ప. చె...య్యి."

ఇన్నేళ్ళుగా ఎన్నో పుస్తకాలు విన్న గది. ఇలా విన్నది ఎప్పుడూ లేదు. అచ్చు ఎంత కిరాతకమైనదో చదువమ్మకు అప్పుడు కనిపించింది. అది ఎవరి మొహమూ చూడదు. చదివేది ఎవరైనా, తన దగ్గరున్న మాటనే ఇస్తుంది. ఆ కిరాతకంలోనే ఏదో మర్యాద కూడా ఉందని తట్టేసరికి ఆమెకు కళ్ళు మండాయి.

వాక్యం తర్వాత వాక్యం పిన్ని వేలు కిందికి దిగుతోంది. దీపం కొండెక్కింది. కిటికీ తెల్లబడింది. పడవవాడు కూతురి పేరు పెట్టి పిలిచాడు. ఆ పేరు దగ్గర పిన్ని ఆగింది. పేరును ఇంకోసారి చదివింది, తడబడకుండా. వేలు మళ్ళీ కదిలింది.

"అ...ప్ప...టి...కే. అప్పటికే. ఆ... చె...య్యి..."

వేలు ఆగిపోయింది.

ఒత్తు కింద ఒత్తు పేరుకున్న పెద్ద మాట అది. ఆమె పెదవులు ఒకసారి దాన్ని అందుకోబోయి వదిలేశాయి. ఇంకోసారి ప్రయత్నించి వదిలేశాయి. పైగా సగం అక్షరాల మీద జిగురు మరక. నిదానం ముందుకు వంగి చూసింది, ఆమెకూ కనబడలేదు. ఆమె వెనక్కి తగ్గి, చదువమ్మ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. యజమాని ఇంకా బల్ల అంచు పట్టుకునే ఉన్నాడు.

పిన్ని తల ఎత్తింది. ఇన్నాళ్ళలో మొదటిసారి ఆమె కళ్ళు చదువమ్మ కళ్ళలోకి సూటిగా చూశాయి. వాటిలో నమ్మకం లేదు. బతిమాలడం కూడా లేదు. వేలు మాత్రం ఆ మాట కింద గట్టిగా ఒత్తి ఉంది, కాగితం ఎక్కడికైనా జారిపోతుందేమోనన్నట్టు.

"ఈ మాట ఏంటమ్మా?" అని అడిగింది.

ఆ మాట చదువమ్మకు కంఠతా వచ్చు. దాని పక్కన పెట్టదగ్గ మెత్తని మాట మరొకటి కూడా, పిలవకుండానే, నాలుక చివరికి వచ్చి నిలబడింది.

ఆమె నోరు తెరిచింది.